కొలత పరికరాల జ్ఞాపకం : దానిని నిలుపుకొనే మార్గం

ప్రయోగశాలలో మనం వాడే కొలత పరికరాలను రెండు తరగతులుగా విభజింపవచ్చును. గాల్వనామీటరు, పోస్టాఫీసు పెట్టె, మీటరు బ్రిడ్జి వంటివి మొదటి తరగతికి చెందినవి. వాటి గుణమంతా తీగలోను, అయస్కాంతంలోను, స్ప్రింగులోను ఉన్నది. నిపుణుడు వాటిని విప్పి చూచి పనిచేసే తీరును గ్రహింపగలడు. చెడిన భాగాన్ని తిరిగి చేయింపగలడు. రెండవ తరగతి పరికరాలలో మైక్రోప్రాసెసరు ఉన్నది. 1970 దశకం నడిమి నుండి వచ్చిన డిజిటల్ మల్టీమీటర్లు, స్పెక్ట్రం ఎనలైజర్లు, లాజిక్ ఎనలైజర్లు, డిజిటల్ ఆసిలోస్కోపులు అనేకం ఈ తరగతివి. వీటి శరీరం లోహమే. కాని వీటి విద్య ఒక చిన్న చిప్పులోనో, ఒక ఫ్లాపీ మీదనో వ్రాయబడిన అంకెల వరుసలో ఉన్నది. ఆ అంకెల వరుసకే సాఫ్ట్‌వేర్ అని పేరు.

శరీరం యాభై సంవత్సరాలు చెక్కుచెదరకుండా నిలువవచ్చును; విద్య అంతకాలం నిలుస్తుందన్న హామీ లేదు. విద్య పోయిన పరికరం తూకానికి అమ్మే తుక్కుతో సమానం. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్కటే. ఒకే ప్రతిగా దాచిన సాఫ్ట్‌వేర్ నశిస్తుంది. సరిచూచి, పుట్టుపూర్వోత్తరాలు వ్రాసి, పదిచోట్ల ఉంచిన సాఫ్ట్‌వేర్ నిలుస్తుంది. ఇది ఎందుకు నిజమో, ఇందులో మనవంటి కళాశాల చేయదగిన పని ఏదో క్రమంగా పరిశీలింతము.

పరికరంలోనికి సాఫ్ట్‌వేర్ వచ్చిన విధం

అమెరికాలోని పాలో ఆల్టో పట్టణంలో విలియం హ్యూలెట్, డేవిడ్ ప్యాకార్డ్ అను ఇద్దరు ఇంజనీర్లు 1939లో హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థను నెలకొల్పినారు. వారి తొలి పరికరం 200ఎ అను ఆడియో ఆసిలేటరు. 1946లో ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో టెక్‌ట్రానిక్స్ సంస్థ పుట్టి, ఆసిలోస్కోపుల తయారీలో ప్రపంచ ఖ్యాతి గడించినది. ఆనాటి పరికరాలలో వాల్వులు, నిరోధాలు, కండెన్సర్లు తప్ప ప్రోగ్రాము అనునది లేదు.

1971లో ఇంటెల్ సంస్థ నుండి రెండు వస్తువులు వెలువడినవి. ఒకటి 4004 మైక్రోప్రాసెసరు. రెండవది ఈప్రాం, అనగా అతినీలలోహిత కాంతితో చెరిపి తిరిగి వ్రాయదగిన జ్ఞాపక చిప్పు. ఈ రెండూ చేరిన తరువాత పరికర నిర్మాణమే మారిపోయినది. మునుపు పది గేట్లతో చేసిన పనిని పది వాక్యాల ప్రోగ్రాముతో చేయుట సాధ్యమైనది. పరికరం తన్ను తాను పరీక్షించుకొనుట, తన లోపాన్ని లెక్కలో సవరించుకొనుట నేర్చినది.

పరికరాలు పరస్పరం మాటాడుకొనుట కూడ ఈ కాలంలోనే స్థిరపడినది. హ్యూలెట్-ప్యాకార్డ్ వారు రూపొందించిన హెచ్‌పీ-ఐబీ అను సంధాన పద్ధతిని 1975లో ఐఇఇఇ-488 అను ప్రమాణంగా అంగీకరించినారు. 16 సంకేత తీగలు గల ఒకే కేబులు మార్గంపై 15 వరకు పరికరాలను కలుపవచ్చును. వాటిని నడిపించుటకు 1976లో వచ్చిన హెచ్‌పీ 9825, 1980లో వచ్చిన హెచ్‌పీ 85 వంటి చిన్న కంప్యూటర్లు ఉపకరించినవి. కావున పాత పరికరపు సాఫ్ట్‌వేర్ అన్నప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకొనవలెను. పరికరం లోపల ఉన్న ప్రోగ్రాము ఒకటి. బయట కంప్యూటరులో ఉండి దానిచేత పని చేయించే ప్రోగ్రాము మరొకటి. రెండూ నశింపదగినవే.

విద్య దాగిన నాలుగు చోట్లు

మొదటిది ఈప్రాం చిప్పు. దీనిలోని ప్రతి కణంలో సిలికాన్ డయాక్సైడు అను బంధకం చుట్టి ఉన్న ఒక సూక్ష్మమైన గేటు ఉంటుంది. అందులో ఎలక్ట్రానులను బంధిస్తే ఆ కణం సున్న అవుతుంది. బంధింపకున్న ఒకటిగా ఉంటుంది. చిప్పు పైభాగాన ఉన్న స్ఫటికపు కిటికీ ద్వారా 253.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి ప్రసరిస్తే ఎలక్ట్రానులు తప్పించుకొని పోతవి, వ్రాత చెరిగిపోతుంది. చెరిపే దీపం క్రింద ఇది ఇరవై నిమిషాల పని. నేరుగా ఎండలో ఉంచితే సుమారు ఒక వారంలోను, గదిలోని ట్యూబులైటు వెలుగులో నిరంతరం ఉంచితే సుమారు మూడు సంవత్సరాలలోను చెరిగిపోవచ్చునని తయారీదార్ల పత్రాలే హెచ్చరించినవి. అందుచేతనే కిటికీపై కాగితపు చీటీ అంటించి ఉంటుంది. జిగురు ఎండి ఆ చీటీ ఊడిపోయిన చిప్పు ప్రమాదంలో ఉన్నట్లే. కిటికీ మూసి ఉన్నప్పటికిని బంధితమైన ఎలక్ట్రానులు మెల్లమెల్లగా జారిపోతూనే ఉంటవి. నలభై ఏండ్లు దాటిన చిప్పులు ఎన్నో ఇంకను చదువుటకు వీలుగా ఉన్నవి. కాని ఏ చిప్పు ఏనాడు మరచునో ముందుగా చెప్పజాలము.

రెండవది బ్యాటరీ ఆధారంగా నిలిచే జ్ఞాపకం. మామూలు ర్యాం చిప్పుకు ఒక చిన్న లిథియం బ్యాటరీని జతచేసి, విద్యుత్తు లేని వేళ కూడ అంకెలు నిలుచునట్లు చేసినారు. డల్లాస్ సెమికండక్టర్ సంస్థ ఆ బ్యాటరీని చిప్పుతోపాటు ఒకే దిమ్మెలో పోతపోసి అమ్మినది. విద్యుత్తు లేకున్నను కనీసం పది సంవత్సరాలు అంకెలు నిలుచునని ఆ సంస్థ పత్రాలలో ఉన్నది. 1980, 1990 దశకాలలో అమర్చిన దిమ్మెలకు ఆ గడువు ఎన్నడో తీరిపోయినది. అవి నేడు పనిచేయుచున్నవనిన అది అదృష్టమే గాని హామీ కాదు.

మూడవది ఫ్లాపీ. హ్యూలెట్-ప్యాకార్డ్ వారి 1650, 1652 శ్రేణి లాజిక్ ఎనలైజర్లు ఇందుకు మంచి ఉదాహరణ. 80 సంకేతాలను ఒక్కసారిగా గమనింపగల యంత్రం 1652బీ. అందులో రెండు ఛానెళ్ళ ఆసిలోస్కోపు కూడ ఉన్నది. కాని దాని ప్రధాన ప్రోగ్రాము యంత్రంలో స్థిరంగా ఉండదు. మీట వేసిన ప్రతిసారి మూడున్నర అంగుళాల ఫ్లాపీ నుండి దానిని చదువుకొనవలెను. ఫ్లాపీ లేనిచో అంత యంత్రమును తెర వెలిగించుకొని ఊరక కూర్చుండును. ఫ్లాపీ మీద ఉన్నది పలుచని అయస్కాంతపు పూత. అది రాలవచ్చును, గీతలు పడవచ్చును. తేమ గల చోట, ముఖ్యంగా మన కోస్తా జిల్లాలలో, దానికి బూజు పట్టుట సహజం. సోనీ సంస్థ 2011లో ఫ్లాపీల అమ్మకం నిలిపివేసినది. పాతది చెడితే క్రొత్తది కొనుక్కొందమను ఆశ కూడ తగ్గిపోయినది.

నాలుగవది టేపు. హెచ్‌పీ 85 వంటి యంత్రాలలో వాడిన చిన్న టేపు క్యాసెట్టులో టేపును త్రిప్పుటకు ఒక సాగే పట్టీ ఉన్నది. కాలం గడిచిన కొలది అది పట్టు కోల్పోవును, లేదా టేపుకు అంటుకొనును. యంత్రంలో ఆ పట్టీని నడిపే రబ్బరు చక్రం కరగి బంకగా మారును. ఆ సంగతి తెలియక క్యాసెట్టును లోపలికి తోసినవాడు యంత్రాన్ని, టేపును రెండింటిని చెరుచును.

ప్రోగ్రాము వేరు, స్థిరాంకాలు వేరు

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం గమనింపవలెను. దీనిని గ్రహింపక పలువురు నష్టపోతున్నారు.

పరికరంలో వ్రాసి ఉన్నది రెండు రకాలు. ఒకటి ప్రోగ్రాము. ఒకే నమూనాకు, ఒకే ముద్రణకు చెందిన పరికరాలన్నింటిలోను అది ఒక్కటే. హైదరాబాదులోని యంత్రంలో అది పోయినచో, హాలండులోని అదే నమూనా యంత్రం నుండి తీసిన నకలు దీనిని తిరిగి బ్రతికింపగలదు. రెండవది క్రమాంకన స్థిరాంకాలు. ఏ రెండు నిరోధాలును, ఏ రెండు యాంప్లిఫయర్లును నూటికి నూరుపాళ్ళు ఒకటిగా ఉండవు. ప్రతి పరికరాన్ని ప్రమాణాలతో పోల్చి, దాని ప్రత్యేకమైన లోపాన్ని సవరించే అంకెలను దానిలోనే వ్రాసి ఉంచినారు. ఆ అంకెలు ఆ ఒక్క పరికరానికి మాత్రమే చెందినవి; ప్రపంచంలో మరెక్కడా దొరకవు.

హెచ్‌పీ 3458ఎ అను ఎనిమిదిన్నర అంకెల మల్టీమీటరును తీసుకొందము. 1989 ఏప్రిల్ నాటి హ్యూలెట్-ప్యాకార్డ్ జర్నల్ సంచిక దీని నిర్మాణాన్ని వివరించినది. ప్రమాణ ప్రయోగశాలలలో దీనిని నేటికిని గౌరవిస్తారు. దీని స్థిరాంకాలు పైన చెప్పిన డల్లాస్ దిమ్మెలలో ఒకదానిలో ఉన్నవి. బ్యాటరీ తీరకమునుపు ఆ దిమ్మెను చదివి, అందులోని అంకెలను క్రొత్త చిప్పులో వ్రాసి అమర్చుట కొద్ది రూపాయల పని. బ్యాటరీ తీరిన తరువాత అయితే 10 వోల్టుల ప్రమాణం, 10 కిలోఓముల ప్రమాణం గల మంచి ప్రయోగశాలకు పరికరాన్ని పంపి, మొదటి నుండి క్రమాంకనం చేయింపవలెను. ఇంతేకాక, పరికరం గతంలో ఎంత నిలకడగా ఉన్నదో తెలుపు చరిత్ర ఆ అంకెలతోనే పోవును.

కావున సూత్రం ఇది. ప్రోగ్రాము పంచుకొనదగినది, స్థిరాంకాలు దాచుకొనదగినవి. పొరుగువారి పరికరపు స్థిరాంకాలను మన పరికరంలో వ్రాసినచో అది పనిచేయుచున్నట్లే కనిపించును. తెరపై ఎనిమిది అంకెలు ధీమాగా వెలుగును. కాని అవి అబద్ధపు సాక్ష్యాలు. మూగపోయిన పరికరం కంటె తప్పుచెప్పే పరికరం ప్రమాదకరం.

నకలు తీయు పద్ధతి

ఈప్రాం విషయంలో మొదట పరికరానికి విద్యుత్తు తొలగించి, బోర్డును ఫోటో తీయవలెను. ఏ చిప్పు ఏ సాకెట్టులో, ఏ దిక్కుగా ఉన్నదో, దాని చీటీ మీద ఏ సంఖ్య, ఏ తేదీ ఉన్నదో వ్రాసికొనవలెను. స్థిరవిద్యుత్తు తగులకుండ మణికట్టుకు భూమి తీగ కట్టుకొని, చిప్పును చిమటాతో నిలువుగా పైకెత్తవలెను. స్క్రూడ్రైవరుతో ఒకవైపు పెళ్ళగిస్తే కాళ్ళు విరుగును. చీటీని పీకరాదు. చిప్పును ప్రోగ్రామరు అను యంత్రంలో ఉంచి, మూడుసార్లు చదివి మూడు ఫైళ్ళను పోల్చవలెను. మూడును కలియనిచో కొన్ని కణాలు బలహీనపడినవని అర్థం. అప్పుడు సరఫరాను 5 వోల్టుల నుండి సుమారు 4.5 వోల్టులకు తగ్గించి చదివినచో, ఎలక్ట్రానులు కొంత జారిపోయిన కణాలు కూడ తమ పూర్వపు విలువను చెప్పుట కలదు. 2716 రకపు చిప్పులో 2,048 బైట్లు, 2764లో 8,192 బైట్లు, 27256లో 32,768 బైట్లు ఉంటవి. ఫైలు పరిమాణం దీనికి భిన్నంగా ఉన్నచో చిప్పు రకం తప్పుగా ఎంచుకొన్నట్లు గ్రహింపవలెను.

బ్యాటరీ దిమ్మె విషయంలో హెచ్చరిక ఒకటే. ప్రోగ్రామరు యంత్రంలో "చదువు" అను ఆజ్ఞ తప్ప "పరీక్షించు" అను ఆజ్ఞ ఇవ్వరాదు. ర్యాం చిప్పును పరీక్షించుటయనగా దానిపై క్రొత్త అంకెలు వ్రాసి చూచుట. దానితో పాత అంకెలు చెరిగిపోవును.

ఫ్లాపీ విషయంలో ముందుగా మూలనున్న చిన్న పలకను జరిపి, రంధ్రం తెరచుకొనునట్లు చేయవలెను. అప్పుడు దానిపై వ్రాయుట సాధ్యపడదు. రేకు తలుపును ప్రక్కకు నెట్టి, బూజు మచ్చలున్నవేమో వెలుగులో చూడవలెను. డ్రైవు తలలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రపరచిన తరువాతనే ఫ్లాపీని లోపల పెట్టవలెను. హ్యూలెట్-ప్యాకార్డ్ పరికరాల ఫ్లాపీలు పలు సందర్భాలలో ఎల్‌ఐఎఫ్ అను తమదైన పద్ధతిలో వ్రాయబడినవి. మామూలు కంప్యూటరు వాటిని గుర్తింపలేక, "ఈ డిస్కు ఫార్మాట్ కాలేదు, చేయమందురా?" అని అడుగును. అవునన్నచో సర్వం పోవును. కాదని, ఫ్లాపీ అంతటిని మొదటి గీత నుండి చివరి గీత వరకు ఉన్నది ఉన్నట్లుగా చదివే సాధనంతో పూర్తి ప్రతిబింబం తీయవలెను. అందులోని ఫైళ్ళను విడదీయు పని ఆ తరువాతిది.

సరిచూచుట

నకలు తీసినంత మాత్రాన పని ముగియదు. నకలు మూలాన్ని పోలినదో లేదో తెలియవలెను. ఇందుకు అతి సరళమైన ఉపాయం మొత్తం సరిచూచుట. 8085 చదివిన విద్యార్థులకు సుపరిచితమైన నాలుగు బైట్లు తీసుకొందము: 62, 65, 211, 16. మొదటి రెండింటి అర్థం "అక్యుములేటరులో 65 ఉంచుము"; తరువాతి రెండింటి అర్థం "దానిని 16వ పోర్టుకు పంపుము". వీటి మొత్తం 354. 256 తీసివేయగా 98 మిగులును. ఈ 98ని ప్రోగ్రాము ప్రక్కన వ్రాసి ఉంచుదము.

ఇప్పుడు రెండవ బైటులో ఒక కణం ఎలక్ట్రానులను కోల్పోయి సున్న నుండి ఒకటిగా మారినదనుకొందము. 65 కాస్తా 67 అయినది. మొత్తం 356, శేషం 100. 98తో కలియలేదు గనుక తప్పు బయటపడినది. ఇంతకు ఆ తప్పు వలన కలుగు నష్టమేమి? 65 అనునది ఇంగ్లీషు అక్షరమాలలో మొదటి అక్షరానికి సంకేతం, 67 మూడవ అక్షరానికి. తెరపై ఒక అక్షరానికి బదులు వేరొక అక్షరం కనిపించును. అదే కొలత లెక్కలో జరిగితే ఫలితం తప్పును.

అయితే ఈ ఉపాయానికి ఒక దోషం కలదు. 65, 16 స్థానాలు మారినవనుకొనుడు. అప్పుడు ఆజ్ఞ "65వ పోర్టుకు 16 పంపుము" అని తారుమారైనది. మొత్తం మాత్రం అదే 98! కావున స్థానభేదాన్ని కూడ పట్టగల సీఆర్‌సీ-32, అంతకంటె దృఢమైన ఎస్‌హెచ్‌ఎ-256 అను పద్ధతులు వాడుకలోనికి వచ్చినవి. ఎస్‌హెచ్‌ఎ-256 ఎంత పెద్ద ఫైలుకైనను 64 సంకేతాల ముద్ర ఒకటి ఇచ్చును. ఫైలులో ఒక్క బిట్టు మారినను ముద్ర పూర్తిగా మారును. ఇద్దరు వేర్వేరు దేశాలలో, వేర్వేరు యంత్రాల నుండి తీసిన నకళ్ళ ముద్రలు ఒకటైనచో ఆ నకలును నిశ్చింతగా నమ్మవచ్చును.

పాఠం, పరంపర

ఈ పని క్రొత్తదేమో కాని దీని వెనుకనున్న వివేకం మనకు క్రొత్తది కాదు. తాటాకు గ్రంథాలు పురుగు పట్టి, పెళుసెక్కి నశిస్తవని మన పూర్వులకు తెలుసు. అందుచేత తరతరానికి తిరిగి వ్రాయించినారు. కాని వ్రాసిన ప్రతిసారి లేఖకుని ప్రమాదం వలన పాఠాంతరాలు పుట్టినవి. పందొమ్మిదవ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యాలకు, ఇతర కావ్యాలకు వీలైనన్ని ప్రతులు సేకరించి, పండితులను నియమించి, ప్రతిని ప్రతితో సరిచూపించి శుద్ధ ప్రతులు వ్రాయించినాడు. ఒకే ప్రతిని నమ్మరాదనుటయే ఆయన పద్ధతికి మూలం.

ఇస్లామీయ విద్యా సంప్రదాయంలో ఇదే వివేకం మరింత శాస్త్రీయంగా కనిపిస్తుంది. హదీసుకు రెండు అంగాలు కలవు. మత్న్ అనగా చెప్పబడిన మాట. సనద్ అనగా ఆ మాట ఎవరి నుండి ఎవరికి చేరినదో తెలుపు పరంపర. పరంపర తెలియని మాట ఎంత సొంపుగా ఉన్నను పండితులు దానిని పరీక్షింపక స్వీకరింపలేదు. పరంపరలోని వ్యక్తుల విశ్వసనీయతను విచారించుటకే ఒక శాస్త్రం వెలసినది. ఆ శాస్త్రంలో ప్రసిద్ధమైన ఇబ్నె హజర్ గ్రంథం తహ్‌జీబ్ అల్ తహ్‌జీబ్, 1888లో మన హైదరాబాదులో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ నుండియే ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దంలో అచ్చయినది. పాత వ్రాతప్రతులను వెదకి, సరిచూచి, అచ్చువేసి లోకానికి పంచుటలో ఆ సంస్థ చేసిన సేవ విద్వాంసులు ఎరిగినదే.

ధర్మగ్రంథానికి, యంత్రపు ప్రోగ్రాముకు పోలిక చెప్పుట మా ఉద్దేశం కాదు. సాక్ష్యాన్ని పరీక్షించు పద్ధతి మాత్రం రెండింటికిని వర్తించునని చెప్పుటయే ఉద్దేశం. పేరులేని ఫైలు ఒకటి ఎక్కడినుండియో దొరికినది. అది ఏ పరికరానిదో, ఏ ముద్రణో, ఎవరు చదివినారో తెలియదు. అది సనద్ లేని మత్న్ వంటిది. కావున ప్రతి నకలుతోపాటు ఒక చిన్న పత్రం ఉండవలెను. తయారీదారు పేరు, నమూనా, చిప్పు మీది సంఖ్య, ప్రోగ్రాము ముద్రణ, బోర్డులో దాని స్థానం, చదివిన సాధనం, చదివిన తేదీ, చదివినవారి పేరు, ఎన్నిసార్లు చదువగా ఎన్నిసార్లు కలిసినది, చివరకు ముద్ర సంఖ్య – ఇవి ఆ పత్రంలో ఉండదగినవి. ఈ పత్రం వ్రాయుటకు పట్టేది పది నిమిషాలే. అది లేనిచో తరువాతివారికి పది దినాల శ్రమ.

పంచుకొనుట, చట్టం

తయారీదార్లే దాచి ఉంచుతారు గదా, మనకెందుకని కొందరు ప్రశ్నింపవచ్చును. సంస్థలు శాశ్వతం కావు. హ్యూలెట్-ప్యాకార్డ్ వారి కొలత పరికరాల విభాగం 1999లో ఎజిలెంట్ అయినది; 2014లో కీసైట్ అయినది. టెక్‌ట్రానిక్స్ 2007లో డానహర్ చేతికి, 2016లో ఫోర్టివ్ చేతికి, 2025లో రాలియంట్ చేతికి మారినది. చేతులు మారిన ప్రతిసారి గిడ్డంగులు ఖాళీ అగుట లోకసహజం. ఈ స్థితిలో సంరక్షణ భారం వాడుకరులు, విశ్రాంత ఇంజనీర్లు, సంగ్రహాలయాల మీద పడినది. టెక్‌ట్రానిక్స్ పూర్వోద్యోగులు ఓరెగాన్‌లో విన్‌టేజ్‌టెక్ అను సంగ్రహాలయాన్ని నెలకొల్పి పాత పరికరాలను, పుస్తకాలను కాపాడుచున్నారు. కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం పాత సాఫ్ట్‌వేరును సేకరించుట తన కర్తవ్యాలలో ఒకటిగా పెట్టుకొన్నది.

పంచుకొనుట మంచిదే, అయినను అది చట్టానికి లోబడి జరుగవలెను. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టంలో 1984 సవరణ ద్వారా కంప్యూటరు ప్రోగ్రాములు చేరినవి. ఆ చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, ప్రోగ్రాము ప్రతిని న్యాయంగా కలిగి ఉన్నవారు నష్టం, నాశనం నుండి రక్షణ కొరకు తాత్కాలికంగా నకలు తీసి ఉంచుకొనవచ్చును. అది పనిచేయు తీరును పరిశీలించి అధ్యయనం చేయవచ్చును. ఇంతమాత్రం చేత నకలును ఊరందరికి పంచు హక్కు లభింపదు. అమెరికాలో కూడ 1998 నాటి చట్టం సాఫ్ట్‌వేర్ తాళాలను తొలగించుటను నిషేధించగా, 2018లో గ్రంథాలయాలు, సంగ్రహాలయాల పరిరక్షణ కార్యానికి మినహాయింపు ఇచ్చినారు. కావున క్రమమైన మార్గం ఇది. మన నకలును మనం తీసి ఉంచవలెను. పంచుటకు ముందు తయారీదారుకు ఉత్తరం వ్రాసి అనుమతి కోరవలెను. వచ్చిన జవాబును నకలుతోపాటే భద్రపరచవలెను. పరికరంలో పూర్వపు వాడుకరి తన ప్రయోగ ఫలితాలను నిల్వచేసి ఉంటే వాటిని బయట పెట్టరాదు. ఇతరుల శ్రమతో లభించిన నకలును అమ్ముకొనుట ఏ విధంగాను సమర్థనీయం కాదు.

ఒక ఆక్షేపణ

క్రొత్త పరికరాలు చౌకగా దొరుకుచుండగా పాతవాటి కొరకు ఇంత శ్రమ ఏల అను ప్రశ్న న్యాయమైనదే. దీనికి మా సమాధానం మూడు మాటలలో చెప్పెదము. మొదటిది, అన్నియు చౌకగా దొరకవు. ఎనిమిదిన్నర అంకెల మీటరును, మంచి స్పెక్ట్రం ఎనలైజరును కొను స్తోమత సామాన్య కళాశాలకు లేదు. పెద్ద సంస్థలు రద్దుచేసిన పరికరాన్ని తెచ్చి బాగుచేసికొనుటయే అనేకులకు గల మార్గం. రెండవది, నేటి పరికరంలో అంతయు ఒకే చిప్పులో మూతపడి ఉన్నది. పాత పరికరంలో ప్రాసెసరు, జ్ఞాపకం, కొలత భాగం వేర్వేరుగా కంటికి కనిపించును. విద్యార్థికి అంతకంటె మంచి పాఠ్యపుస్తకం లేదు. మూడవది, పాత కొలతలను విమర్శించుటకు వాటిని కొలిచిన యంత్రం ఎట్లు లెక్కవేసినదో తెలియవలెను. లెక్కించిన ప్రోగ్రాము పోయినచో ఫలితం మిగులును, దాని ఆధారం మిగులదు.

ఈ మాట మన రాజధానికి మరింత వర్తించును. 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఈసీఐఎల్, టీడీసీ-12, టీడీసీ-312, టీడీసీ-316 అను కంప్యూటర్లను స్వదేశంలో నిర్మించి కీర్తి గడించినది. అందులో పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారి కుటుంబాలు మన మధ్యనే ఉన్నవి. ఎవరి అటక మీదనైనను ఒక పాత టేపుచుట్టయో, చేతివ్రాత ప్రోగ్రాము పుస్తకమో మిగిలి ఉన్నచో దానిని పాత సామాను క్రింద అమ్మివేయవద్దని మా మనవి. విదేశపు యంత్రాల నకళ్ళు విదేశంలో దొరకవచ్చును. మన యంత్రాలవి మన ఇండ్లలో తప్ప ఎక్కడ దొరకును?

మన కళాశాల చేయదగినది

ఈ విషయంలో కళాశాల కమిటీ వారి ముందు నాలుగు సూచనలు ఉంచుచున్నాము. వీటిలో ఏదియు అధిక వ్యయంతో కూడినది కాదు.

ఒకటి: ఏ కొలత పరికరాన్నైనను రద్దు జాబితాలో చేర్చి వేలానికి పంపుటకు పూర్వం దాని ఈప్రాంలు, ఫ్లాపీలు చదివి నకలు తీయుటను నియమంగా పెట్టవలెను. 8085 శిక్షణ కిట్లు కూడ ఈ నియమం క్రిందికి రావలెను. వాటిలోని మానిటరు ప్రోగ్రాము ఒక్క చిప్పు మీద ఆధారపడి ఉన్నది.

రెండు: బ్యాటరీ జ్ఞాపకం గల పరికరాలన్నింటి పట్టిక వ్రాసి, స్థిరాంకాలను ఈ విద్యాసంవత్సరంలోనే చదివి భద్రపరచవలెను. ఈ పనికి మాత్రం వాయిదా తగదు.

మూడు: ప్రతి నకలుకు మూడు ప్రతులు ఉంచవలెను. వాటిలో రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండవలెను; ఒకటి కళాశాల ఆవరణకు వెలుపల ఉండవలెను. ఏడాదికొకసారి ముద్ర సంఖ్యలను తిరిగి సరిచూడవలెను.

నాలుగు: ఈ పనిని చివరి సంవత్సరపు విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వవలెను. నకలు పత్రాలను తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో వ్రాయించినచో రాబోవు విద్యార్థి ఎవ్వరును పరాయివాడు కాడు.

విద్యార్థులకు మా మాట ఒక్కటి. చిప్పును చదువుట ఒక పూటలో నేర్వవచ్చును. చదివినదానిని నిజాయితీగా నమోదు చేయుట, కలియని చోట కలిసినట్లు వ్రాయకుండుట అభ్యాసం చేత గాని రాదు. మూడుసార్లు చదువగా రెండుసార్లే కలిసినచో అట్లే వ్రాయుడు. ఆ వాక్యాన్ని నమ్మి, ఎన్నడూ చూడని దేశంలో, ఎన్నడూ ఎరుగని ఒక ఇంజనీరు తన యంత్రానికి తిరిగి ప్రాణం పోయవచ్చును.

డెడ్ స్టాక్ రిజిస్టరులో ప్రస్తుతం పరికరం పేరు, కొన్న తేదీ, వెల, రద్దైన తేదీ అను గడులు ఉన్నవి. వాటి ప్రక్కన "నకలు తీయబడినదా?" అను మరొక గడిని చేర్చవలసినదిగా కమిటీ వారిని సవినయంగా కోరుచున్నాము.